మందకు పురుడు

గుర్వమ్మది మంచి నోరు కాదని సుద్దబావిలో అనని వాళ్లు లేరు. నోరు మంచిదే పాపం, కాకపోతే దానికి తలుపులు లేవు. మొగుడు పర్వతాలు ఎంత తక్కువ మాట్లాడితే ఆమె అంత ఎక్కువ మాట్లాడేది. ఇద్దరి మాటలూ కలిపి సగం చేస్తే ఇద్దరు మామూలు మనుషులకు సరిపోయేవి. అటువంటి గుర్వమ్మ ఒక మాటను గొంతులో పెట్టుకొని, మింగలేక కక్కలేక, ఆ వానాకాలం సగం గడిపింది. ఎందుకో చెప్పాలంటే ముందు గొర్రెల సంగతి చెప్పుకోవాలి.

సుద్దబావి దేవరకొండకు దక్షిణాన ఎర్ర చెల్కల, అంటే వాన మీద పండే మెట్ట చేల మధ్య ఉండే ఊరు. అక్కడ నాలుగైదు ఇళ్ల కురుమలు గొర్రెలు కాచుకొని ఉండేవారు. వాళ్లలో కాస్త పెద్ద మంద పర్వతాలుది. అన్నీ నల్ల గొర్రెలు. ఎండాకాలం వచ్చి ఊళ్లో మేత అయిపోగానే పర్వతాలు మందను కృష్ణ దిక్కుకు తోలుకుపోయేవాడు. రోహిణి కార్తెలో తిరిగొచ్చి, ఊళ్లో ఆస్తిపరుడైన కాపు రామచంద్రయ్య చెల్కలో మంద పెట్టేవాడు. మంద పెట్టడమంటే పెద్ద విద్యేం కాదు. చుట్టూ తడకలు నిలబెట్టి రాత్రంతా గొర్రెలను ఒక్కచోట పండబెట్టడం. తెల్లారేసరికి ఆ జాగా అంతా పెంటికలతో నిండిపోతుంది. మర్నాడు తడకలు పక్కకు జరుపుతారు. చెల్కంతా అట్లా గళ్లుగళ్లుగా బలిసిన తరువాత, మృగశిర, అదే మిరుగు కార్తెలో వాన పడి జొన్న వేస్తే, ఆ జొన్నలో మనిషి నడుస్తుంటే తలపాగ కూడా కనిపించేది కాదు.

అందుకు బదులుగా కళ్లం దగ్గర రామచంద్రయ్య పర్వతాలుకు జొన్నలు కొలిచిచ్చేవాడు. గుర్వమ్మ ఇంట్లో ఏడాది పొడుగునా కుండ పొయ్యెక్కేది ఆ జొన్నలతోనే. సెంటు భూమి లేని ఇల్లు. రామచంద్రయ్య తండ్రి కాలం నుంచి ఆ చెల్కలో మంద పెట్టేది వీళ్లే. అందుకు కాగితమూ లేదు, సాక్షీ లేడు. రోహిణి వచ్చిందంటే రామచంద్రయ్య ఊరి పొలిమేరకు వచ్చి దక్షిణం దిక్కు చూస్తూ నిలబడేవాడు. గొర్రెల దుమ్ము కనిపిస్తే, "వచ్చిండు మా కురుమాయన" అని ఇంటికి పోయి భార్యకు జొన్న గటక ఎక్కువ వండమని చెప్పేవాడు.

అరవై ఐదో సంవత్సరం ఎండాకాలంలో పాత దారి చెడింది. కృష్ణ మీద పెద్ద కట్ట కడుతున్నారు కదా, ఆ దిక్కంతా రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెలు, లారీలు, మనుషులు. గొర్రెలు తాగే మడుగుల దగ్గర కుంపట్లు వెలిగాయి. పర్వతాలు విధి లేక మందను కంకర రోడ్డు వెంబడి మళ్లించాడు. ఆ రోడ్డు పక్కన అతనెప్పుడూ చూడని చెట్టు ఒకటి వరసగా పెరిగి ఉంది. ఆకు సన్నం, ముల్లు పొడుగు, కాయ పసుపుపచ్చ. కొరికితే బెల్లంలా తియ్యన. సర్కారోళ్లు నాటించిన తుమ్మ అని అక్కడివాళ్లు చెప్పారు. గొర్రెలు ఆకు వాసన కూడా చూడలేదు గానీ, కాయల కోసం ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

ఆ ఏడు మిగతా మందలు ఎముకల గూళ్లై ఇల్లు చేరితే, పర్వతాలు మంద నిగనిగలాడుతూ వచ్చింది. గుర్వమ్మ గొర్రెల వీపులు తడిమి తడిమి చూసింది. పర్వతాలు ఆ రోజు గొంగడి దులుపుతూ, ఎప్పుడూ లేనిది, తనంతట తానే మాట్లాడాడు.

"ఇగ కరువుకు భయం లేదే. గా చెట్టున్నంత కాలం మన గొర్రె సావదు."

"ఏ చెట్టయ్యా?"

"సర్కారు తుమ్మ."

"సర్కారు మన కోసం చెట్లు గూడ నాటుతుందా?" అని గుర్వమ్మ పకపక నవ్వింది.

రోహిణిలో రామచంద్రయ్య చెల్కలో మంద పెట్టారు. మిరుగులో ఒక వాన పడింది, ఆరుద్రలో మరొకటి. జొన్న మొలిచింది. కలుపుకు పోయిన ఆడవాళ్లు మధ్యాహ్నానికల్లా కొంగులు బిగించుకొని ఇళ్లకు తిరిగొచ్చారు. గోపమ్మ అనే కూలామె నడివీధిలో నిలబడి అరచెయ్యి చూపించింది. చెయ్యి నిండా ముళ్లు గీరిన రక్తం.

"గది జొన్నచేనా, ముండ్ల కంపనా? పట్టి గుంజితే వేరు రాదు, చెయ్యే తెగుతాంది. నేను రానంటే రాను" అంది.

నిజమే. చెల్కలో బెత్తెడు బెత్తెడు ఎత్తున ముళ్ల మొలకలు లేచాయి. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు. తడకలు నిలబెట్టిన చోట, మంద పండిన చోట, గళ్లుగళ్లుగా. గట్టు మీద నిలబడి చూస్తే ఏ రాత్రి మంద ఎక్కడ పండిందో వేలు పెట్టి చూపించవచ్చు.

రామచంద్రయ్య అరిచే మనిషి కాదు. కోపం వస్తే మాట మానేస్తాడు, అంతే. కానీ ఆ రోజు చావడికి పర్వతాలును పిలిపించి, నలుగురి ముందు ఒక్క మాట అడిగాడు.

"గీ ముల్లు నీ మందల్నుంచి వచ్చిందా?"

పర్వతాలుకు ఒళ్లు మండింది. గొర్రెపెంటికలో మేలు తప్ప కీడు ఉంటుందా! పైగా తుమ్మకాయ సంగతి అతనికి తెలియనిది కాదు. నల్లతుమ్మ కాయ మేసిన గొర్రె ఆ రాత్రే నెమరు వేస్తూ గింజలను టపటపా ఉమ్మేస్తుంది. పొద్దున్నే తడకల్లో ఊడిస్తే చేటెడు గింజలు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కదా. రోడ్డు పక్క మేసిన కాయల గింజలు రోడ్డు పక్కనే పడిపోయి ఉంటాయి, ఊరి దాకా ఎట్లా వస్తాయి? అందుకే అతను మరో ఆలోచన లేకుండా ఇంటికి పోయి, కులదేవుడు బీరప్ప బండారి తెచ్చి, ఆ పసుపు చేతిలో పట్టుకొని అందరి ముందూ ప్రమాణం చేశాడు.

"బీరప్ప సాచ్చిగ చెప్తున్న. నా గొర్రె కడుపుల ముల్లు లేదు."

కురుమ బండారి పట్టుకొని చెప్పాక ఇంకెవరు మాట్లాడతారు? రామచంద్రయ్య తల ఊపాడు. "సరే. ఇంకేదో ఉన్నట్టుంది" అన్నాడు.

ఆ ఇంకేదో అతనికి రెండు రోజుల్లో దొరికింది కూడా. ఆ ఏడే దేవరకొండ బజారులో అతను ఒక సంచి ఉప్పులాంటి తెల్ల ఎరువు కొని, కొత్త సరదా కొద్దీ అదే చెల్కలో చల్లాడు. పెంట వేడి, ఆ ఉప్పు వేడి కలిసి, ముల్లు పుట్టించాయని తేల్చేశాడు. చూడబోతే ఊరికి ఈ కారణం బాగా నచ్చింది. సంచి ఎరువు కొందామనుకున్న కాపులంతా చెంపలు వేసుకున్నారు. ఒకరి తరువాత ఒకరు పర్వతాలు గుమ్మం ముందుకు వచ్చారు. వచ్చే ఏడు మా చెల్కలో మంద పెట్టు అంటే మా చెల్కలో పెట్టు అన్నారు. ఎన్నడూ ఆ గడప తొక్కని వాళ్లు కూడా వచ్చి, గుర్వమ్మ పెట్టిన పల్చటి చల్ల తాగి, మీ గొర్రెలు బంగారం అని పొగిడి పోయారు. గుర్వమ్మ నేల మీద నడవలేదు. ఒక్క చెల్క జొన్నలతో ఏడాది గడిస్తే, అన్ని చెల్కల జొన్నలు వస్తే గాదె కట్టుకోవచ్చు. ఆమె ఆ గాదె ఎక్కడ కట్టాలో కూడా చూసి పెట్టుకుంది.

ఆ జాగాను మళ్లీ చూసుకోవడానికే పెరట్లోకి పోయింది. పెరటి గోడ దగ్గర సొరపాదు. దాని పక్కన ఒక కుంటి గొర్రె కట్టేసి ఉండేది. దక్షిణం నుంచి వచ్చిన రోజే దాని కాలు వాచి ఉంటే, మందలో కలపకుండా ఇంట్లోనే ఉంచారు. అది పెరడు దాటి ఎటూ పోలేదు. దాని పెంటికలను గుర్వమ్మ రోజూ ఊడ్చి సొరపాదు మొదట్లో వేసేది. సంచి ఎరువు ఆ పెరటి ముఖం చూడలేదు.

సొరపాదు మొదట్లో, తీగల కింద, సన్నాకు మొలకలు గుత్తులుగా లేచి ఉన్నాయి. గుర్వమ్మ ఒకదాన్ని పట్టి లాగింది. పైన కాడ తెగి చేతికొచ్చింది, వేరు రాలేదు. ముల్లు బొటనవేలిలో దిగింది.

అక్కడే కూర్చుండిపోయింది. "అయ్యో బీరప్పా" అని పైకే అంది. మొగుడు దేవుడి మీద వేసిన ఒట్టు అబద్ధం. గొర్రె కడుపులో ముల్లు ఉంది. వచ్చే ఏడు పిలిచిన ప్రతి చెల్కలోనూ మంద పెడితే, ప్రతి చెల్కా గళ్లుగళ్లుగా ముళ్లపాలు అవుతుంది. ఆ పైన జొన్న ఉండదు, కోశాక మిగిలే కొయ్యకాళ్లు ఉండవు, గడ్డి ఉండదు. చివరికి గొర్రెకే మేత ఉండదు. నిజం చెబితే మాత్రం ఈ కళ్లంలోనే జొన్నలు పోతాయి. మందను ఊళ్లోకి రానివ్వరు. గొర్రెలను పట్నం కోత బేరగాడికి అమ్ముకొని కూలికి పోవాలి.

ఆ సాయంత్రం పర్వతాలును పెరట్లోకి తీసుకుపోయి చూపించింది. అతను వంగి చూశాడు. ఒక పెంటికను వేళ్ల మధ్య నలిపాడు. లోపల ఆవగింజ కంటే కొంచెం పెద్ద గింజ, గట్టిగా, చెక్కు చెదరకుండా ఉంది.

"నల్లతుమ్మ గింజైతే ఉమ్మేసేది" అన్నాడు నెమ్మదిగా. "గిది సన్నది. దిగిపోతాంది."

"ఏం జేద్దామయ్యా?"

అతను గింజను గొంగడికి తుడిచి పారేసి మంద దగ్గరికి పోయాడు. ఆ రాత్రీ, మర్నాడూ ఆ మాటే ఎత్తలేదు. గుర్వమ్మ తిట్టింది, బతిమాలింది. ఒట్టు వేసిన నోటితోనే చెప్పమంది. ఒక్కోసారి తనే, "పోనీలే, ఊకో, ఎవ్వలకేం తెలుసు" అనేది. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసేది. నీళ్ల దగ్గర ఆడవాళ్లు మంద మాట ఎత్తితే కడవ నిండకుండానే ఎత్తుకొని వచ్చేసేది. గుర్వమ్మకు జ్వరమా అని వాళ్లు అడిగారు కూడా. ఎక్కువ బాధ రామచంద్రయ్యను చూస్తే కలిగేది. పాపం ఆ మనిషి గడ్డపార పట్టుకొని పొద్దున్నే చెల్కలోకి పోయి, ఒక్కొక్క ముళ్లమొక్కను వేరుతో సహా తవ్వేవాడు. దారిలో గుర్వమ్మ కనిపిస్తే, "నీ గొర్ల పెంటే సాలనుకున్నా బాగుండు గుర్వమ్మా, సంచి ఎరువు నా కొంప ముంచింది" అని తన తప్పుకు తనే నవ్వుకునేవాడు.

దసరా ముందు కాపులంతా చావడిలో కూర్చున్నారు. వచ్చే రోహిణిలో మంద మొదట ఎవరి చెల్కలో పెట్టాలన్నది మాట్లాడుకోవడానికి. నాకు ముందంటే నాకు ముందని పంతాలు పోతున్నారు. పర్వతాలు ఒక స్తంభానికి ఆనుకొని ఉన్నాడు. గుర్వమ్మ బయట గోడ పక్కన నిలబడి వింటోంది. పంతాలు బాగా పెరిగాక పర్వతాలు లేచాడు. భుజం మీది గొంగడి తీసి నేల మీద పరిచాడు. దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తప్పు ఒప్పుకునే కురుమ చేసే పని అది.

గోడ పక్కన గుర్వమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. చెప్పమని ఇన్నాళ్లు పోరిన మనిషి, తీరా అతను నోరు తెరవబోతుంటే ఉరికి పోయి ఆ నోరు మూయాలనుకుంది. జొన్నలన్నీ కళ్ల ముందే పోతున్నాయి మరి.

"బీరప్ప మీద తప్పు ఒట్టు వెట్టిన" అన్నాడు పర్వతాలు. "తెలువక వెట్టిన. ముల్లు నా మందల్నుంచే వచ్చింది. సంచి ఎరువుది తప్పు లేదు."

చావడిలో గగ్గోలు మొదలైంది. ఇంతసేపూ మా చెల్కకు రమ్మన్నవాళ్లే, నీ మంద ఊరి పొలిమేర తొక్కొద్దని లేచారు. కులం వాళ్లు బీరప్పకు పొట్టేలును కొట్టి తప్పు తీర్చుకోమన్నారు. రామచంద్రయ్య ఒక్కడే కదలలేదు. పర్వతాలు వైపు చాలాసేపు చూసి, ముఖం తిప్పుకున్నాడు.

గుర్వమ్మ ఇక ఆగలేకపోయింది. ఆడది చావడి ఎక్కకూడదన్నది కూడా మరిచి మెట్టెక్కింది.

"ఏందయ్యా లొల్లి? బిడ్డను కన్న ఆడదాన్ని మీరు ఊర్లకెళ్లి ఎల్లగొడ్తున్నరా? పురుడు తీరేదాంక ఓ మూలకు కూసుండవెడ్తరు. తీరినంక నీళ్లు వోసి ఇంట్లకు తీసుకుంటరు. నా గొర్లకు గట్లనే పురుడు వెట్టుండ్రి. దచ్చిణం నుంచి రాంగనే బొల్లిగుట్ట మీద ఉంచుత. గుట్ట మీద ఏం పండుతది, రాళ్లు దప్ప? గింజలన్ని గాడ రాలిపోయినంకనే చెల్కల దిగుత. పెంటికె ఇరిసి సూస్కోండ్రి. గింజ కనవడకుంటెనే రానియ్యుండ్రి."

కొందరు నవ్వారు. గొర్రెకు పురుడేమిటని ఒకాయన తొడ చరిచాడు. రామచంద్రయ్య లేచి, చెప్పులు వేసుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా, "సూద్దాం" అన్నాడు. ఆ తరువాత పర్వతాలుతో మాట మానేశాడు. సంక్రాంతి దాటాక కళ్లంలో జొన్నలూ కొలవలేదు. కొలవమని అడిగే ముఖం వీళ్లకూ లేదు.

ఆ ఏడాది ఎట్లా గడిచిందో గుర్వమ్మకే తెలుసు. కొన్ని గొర్రెలు అమ్మారు. ఆమె ఆముదాలు కొట్టడానికి కూలికి పోయింది. అంబలి తాగని రోజుల కంటే తాగిన రోజులు లెక్కపెట్టుకోవడం తేలికైంది. పైగా వానలు మళ్లీ మొండికేశాయి. ఎండాకాలం వచ్చేసరికి మందకు దక్షిణం దారి తప్ప గతి లేదు. దక్షిణం దారిలో ఆ ముళ్లచెట్టు కాయలు తప్ప మేత లేదు. ఊరిని ముంచిన చెట్టే గొర్రెను బతికించింది. పర్వతాలు దాన్ని తిట్టలేకా, మెచ్చుకోలేకా మందను మేపుకొని రోహిణిలో తిరిగొచ్చాడు. ఈసారి పొలిమేరలో ఎవరూ నిలబడి లేరు.

మంద నేరుగా బొల్లిగుట్ట ఎక్కింది. చెల్కల వైపు కాకుండా అవతలి వాలు చూసుకొని తడకలు నిలబెట్టారు. అక్కడ పడిన వాన నీళ్లు వాగులోకి పోతాయి గానీ ఊరి చేలలోకి రావు. ఆ వాగు ఆ పైన ఎవరి చేల పక్కగా పోతుందని అప్పుడెవరూ అడగలేదు. గుట్ట మీద మేత సున్న. గుర్వమ్మ ఎక్కడెక్కడి నుంచో మోదుగు కొమ్మలు, దిరిసెన కొమ్మలు నరికి మోసుకొచ్చేది. నీళ్లకు వాగులో చెలిమలు తవ్వారు. పొద్దున్నే తడకల్లో గొంతుకూర్చొని పెంటికలు విరిచి చూడడం ఆమె పని. మొదట్లో ప్రతి పెంటికలోనూ గింజలే. కాయల మేత ఆగి ఆకు మేత సాగేకొద్దీ తగ్గుతూ వచ్చాయి.

ఒక పొద్దున తల ఎత్తి చూస్తే రామచంద్రయ్య గుట్ట ఎక్కి వస్తున్నాడు. పర్వతాలును పలకరించలేదు. పంచె ఎగగట్టి, గుర్వమ్మకు ఎదురుగా గొంతుకూర్చొని, తనూ పెంటికలు విరవడం మొదలుపెట్టాడు. అంత ఆస్తి గల కాపు! గుర్వమ్మకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. అప్పటి నుంచి రోజూ వచ్చేవాడు. రావడం, విరవడం, గింజ కనిపిస్తే నాలుక చప్పరించడం, పోవడం. పర్వతాలు మాత్రం అతను వచ్చినప్పుడల్లా దూరంగా పోయి ఏదో తడక బిగిస్తున్నట్టు నటించేవాడు.

మిరుగు ముంగిట్లోకి వచ్చింది. దక్షిణాన మబ్బు పట్టింది. ఒక్క వాన గట్టిగా పడితే అందరూ అరకలు కట్టేస్తారు. విత్తనం పడిన చెల్కలో మంద పెట్టేదేముంది? ఈ ఏడూ జొన్నలు పోతే ఇక మంద మిగలదు. లోకమంతా వాన రావాలని మొక్కుతుంటే, గుర్వమ్మ ఒక్కతే జర ఆగమని మొక్కింది. అందుకు సిగ్గు కూడా పడింది.

ఆ రోజు మబ్బు గుట్ట మీదికి వంగింది. గాలి చల్లబడింది. రామచంద్రయ్య తడకల్లో ఈ మూల నుంచి ఆ మూల దాకా పెంటికలు విరిచాడు. ఒక్క గింజ లేదు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"తీరినట్టే ఉంది పురుడు" అన్నాడు మబ్బు వైపు చూస్తూ. "ఇయ్యాల్నే దిగితే, వాన పడేలోపు సగం చెల్కలన్న మంద పండుతది."

దూరంగా పర్వతాలు ఆ మాట విన్నాడు. గబగబా వచ్చి తడకలు చుట్టడం మొదలుపెట్టాడు. ఏడాదిగా అతని ముఖంలో అంత వెలుగు గుర్వమ్మ చూడలేదు.

గుర్వమ్మ లేవలేదు. ఆఖరున ఆమె విరిచిన పెంటికలో ఒక గింజ ఉంది. ఒక్కటే. రామచంద్రయ్య చూడలేదు, పర్వతాలు చూడలేదు. ఆమె గుప్పిట మూసింది. ఒక్క గింజకు ఏమవుతుంది? మొలవాలని ఎక్కడుంది? మొలిస్తే మాత్రం తనే పోయి తవ్వలేదా? మొగుడు తడకలు చుడుతున్నాడు. మబ్బు ఉరిమింది. గుప్పిట అట్లాగే మూసుకొని ఆ గింజను కిందికి విసిరేద్దామనుకుంది. రామచంద్రయ్య, నిరుడు ముళ్లమొక్కలు తవ్వి గాట్లు పడ్డ తన చేతులు తుడుచుకుంటున్నాడు. అవి చూశాక ఆమె వల్ల కాలేదు.

"పటేలా" అని పిలిచి గుప్పిట తెరిచింది. "ఇంకా ఉంది. తీరలే."

రామచంద్రయ్య ఆ గింజను చూశాడు, ఆమెను చూశాడు. పర్వతాలు చుట్టిన తడక మీద అట్లాగే కూర్చుండిపోయాడు. రామచంద్రయ్య కర్ర తీసుకొని గుట్ట దిగిపోయాడు. అతను ఊరు చేరాడో లేదో, వాన పట్టుకుంది. మంచి వాన. రెండేళ్లుగా ఊరు ఎదురుచూసిన వాన. గుర్వమ్మ గొంగడి కింద ముడుచుకొని, గొర్రెల మధ్య కూర్చొని, దేవుడిని తిట్టింది. తనను తనే తిట్టుకుంది.

మర్నాటి నుంచి ఊళ్లో అరకలే అరకలు. గుట్ట మీదికి ఎడ్ల గజ్జెలు వినిపిస్తుంటే ఆమె అటువైపు వీపు పెట్టి కూర్చుంది. అన్ని చేలూ విత్తనం పడి ముదురెరుపు తిరుగుతున్నాయి. మందలో గింజ కనిపించడం పూర్తిగా ఆగిపోయింది గానీ, ఇక ఆగితే ఎంత, ఆగకపోతే ఎంత? కోత బేరగాడికి కబురు పంపుదామని పర్వతాలుతో అనబోయింది. అతనే పిలిచాడు.

"అటు సూడవే."

రామచంద్రయ్య చెల్కలో అరక సాగుతోంది. సగం దాకా విత్తాడు. సగానికి వచ్చాక ఎడ్లను మళ్లించాడు. మళ్లీ సగానికి వచ్చి, మళ్లీ మళ్లించాడు. రెండో సగం, బావి పక్కన ఉన్న మేలైన సగం, ముట్టలేదు. గుర్వమ్మకు అర్థం కాలేదు. చీర ఎగదోపుకొని గబగబా గుట్ట దిగిపోయింది.

"ఏంది పటేలా, ఎడ్లకు ఏమన్న రోగమా? సగంల ఇడిసిపెట్టినవ్?"

రామచంద్రయ్య అరక ఆపాడు. "ఎడ్లకేం రోగం. గా సగం నీ గొర్ల కోసం ఆగింది. పురుడు తీరినంక తోలుకరాండ్రి."

"పదును ఆరిపోతది గద! జొన్న ఇప్పుడు వెయ్యకుంటె ఇంకెప్పుడు వేస్తవ్?"

"జొన్న గాకుంటె ఉలవలు. పుబ్బ కార్తెల వేస్త."

"ఉలవలెన్ని పండుతయి పటేలా? జొన్నకు సాటి వస్తయా?"

"రావు" అన్నాడు రామచంద్రయ్య. చాళ్లను చూస్తూ, కాస్త కోపంగానే అన్నాడు. "నీ జొన్నలు నీకు గీ సగంల కెల్లి కొలుస్త. ఉలవలు నేను తింట."

గుర్వమ్మ, "తీరింది పటేలా, ఇప్పుడు ఒక్క గింజ కనవడ్తలే" అంటూ గట్టు మీద కూలబడి, దాచుకోకుండా, చిన్నపిల్లలా ఏడ్చింది. ఎడ్లు తలలు తిప్పి ఆమె వైపు చూశాయి. రామచంద్రయ్యకు ఏం చేయాలో తోచక కాసేపు అరక కొర్రుకు అంటిన మట్టి గీకాడు. తరువాత గుట్ట వైపు చెయ్యి ఊపి, ఏడాది తరువాత మొదటిసారి, గొంతెత్తి పిలిచాడు.

"ఓ పర్వతాలూ! గాడ నిలవడి ఏం సూస్తున్నవ్? గొర్లను నీళ్లకు బాయి కాడికి తోలుకరా."